నిన్నటి రోజును ముందు పెట్టుకుని కూర్చో

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. జీవితంలో నిజంగా దేనికి విలువ ఇస్తున్నావో తెలుసుకుందామని కాగితం తీసుకుంటే కుటుంబం, ఆరోగ్యం, నిజాయితీ, స్వేచ్ఛ, జ్ఞానం అనే మాటలే వచ్చాయనీ, వాటిలో ఒక్కటీ అబద్ధం కాకపోయినా చదువుకుంటే ఎవరో రాసినట్లుందనీ అన్నావు. నీ అసంతృప్తి సరైనదే. ఆ జాబితా ఎవరు రాసినా ఇంచుమించు అలాగే ఉంటుంది, ఎందుకంటే మంచి మాటల్లో దేన్నైనా కాదనడానికి ఎవరికీ కారణం కనబడదు. ఆ కాగితాన్ని కొంతకాలం పక్కన పెట్టి, దాని స్థానంలో నిన్నటి రోజును ముందు పెట్టుకుని కూర్చోమని నా సలహా.

విలువలను శాస్త్రీయంగా పరిశీలించినవారికి కూడా ఈ చిక్కు ఎదురైంది. మిల్టన్ రోకీచ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించిన పరీక్షలో రెండు పట్టికలుంటాయి. చేరుకోవాలనుకునే గమ్యాల వంటి విలువలు ఒకదానిలో 18, నడవడికకు సంబంధించినవి రెండోదానిలో 18. ఒక్కొక్కటి నీకెంత ముఖ్యమని అడిగితే అన్నీ ముఖ్యమే అంటారు గనుక, ఆయన వాటిని ఒకదాని కింద ఒకటిగా వరుసలో పెట్టమన్నాడు. అప్పుడు దేన్నైనా పైకి జరపాలంటే మరొకదాన్ని కిందికి దించక తప్పదు. ఆ తరువాత షాలోమ్ ష్వార్ట్జ్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త 20 దేశాల సమాచారంతో 1992లో ప్రచురించిన సిద్ధాంతం ఇంకా ముందుకు వెళ్ళింది. ఆయన గుర్తించిన పది రకాల విలువలు వలయాకారంలో అమరుతాయి. పక్కపక్కన ఉన్నవి కలిసి నడుస్తాయి, ఎదురెదురుగా ఉన్నవి మనిషిని చెరోవైపు లాగుతాయి. సొంత విజయం కోసం పడే ఆరాటం అయినవారి బాగోగులు చూడడానికి తరచుగా అడ్డు వస్తుంది. కొత్తదనం కోరే మనసుకూ భద్రత కోరే మనసుకూ ఒకే నిర్ణయం నచ్చదు. రెండు మంచివాటిలో ఒకటే దక్కే చోట నువ్వు దేన్ని వదులుకున్నావో చూస్తేనే నీ వరుస నీకు తెలుస్తుంది. అలాంటి చోట్లు రోజూ ఎన్నో వస్తుంటాయి, కానీ చిన్నవి కావడం వల్ల వాటిని నిర్ణయాలుగా మనం గుర్తించం.

నిన్న అంటే నిజంగా నిన్ననే. సెలవు రోజునో, ప్రయాణంలో ఉన్న రోజునో, బాగా గడిచిందని గుర్తున్న రోజునో ఎంచుకోవద్దు. ఏ విశేషమూ లేని రోజే దీనికి పనికివస్తుంది. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే దాకా దాన్ని చిన్న చిన్న ఘట్టాలుగా విడగొట్టి, ఒక్కొక్కటి ఎప్పుడు మొదలైందో, ఎంతసేపు సాగిందో, ఎవరితో ఉన్నావో, ఏం చేస్తున్నావో, అప్పుడు మనసు ఎలా ఉందో రాయి. ఫోన్ చూస్తూ గడిపిన సమయాన్ని మరో పనిలో కలిపేయకుండా విడిగా రాయి. ఈ పద్ధతి నా సొంతం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఉద్యోగాలు చేస్తున్న 909 మంది మహిళల చేత ముందురోజును ఇలాగే ఘట్టాలుగా గుర్తు చేయించి రాయించారు. ఈమధ్య ఎలా ఉన్నావని అడిగితే మనిషి తన గురించి తనకున్న అభిప్రాయం చెబుతాడు; నిన్న సాయంత్రం ఆరింటికి ఏం చేశావని అడిగితే జరిగింది చెబుతాడు.

ఆ అధ్యయనంలో తేలిన ఒక సంగతి ఈ విషయానికంతటికీ కీలకమని నేను నమ్ముతాను. ఆత్మీయులతో, స్నేహితులతో గడిపిన వేళలు ఆనందంలో పైన నిలిచాయి, ఉద్యోగానికి వెళ్ళిరావడం అట్టడుగున నిలిచింది. ఇందులో వింత లేదు. కానీ పిల్లల్ని చూసుకునే సమయం టీవీ చూసే సమయం కంటే కింద నిలిచింది. అది చూసి ఆ తల్లులకు పిల్లల కన్నా టీవీ విలువైనదని ఎవరూ అనరు. పిల్లల్ని చూసుకోవడంలో అలసట ఉంటుంది, విసుగు ఉంటుంది, ఒకే పనిని పదిసార్లు చేయడం ఉంటుంది, అయినా ఆ తల్లి ప్రపంచంలో దేనికీ దాన్ని మార్చుకోదు. ఆ క్షణంలో హాయిగా ఉండడం వేరు, మన జీవితంలో దానికి విలువ ఉండడం వేరు. ఈ తేడా పట్టించుకోకుండా రోజును చదివితే, సుఖంగా అనిపించినవన్నీ విలువైనవనీ, కష్టమనిపించినవన్నీ వదిలించుకోవలసినవనీ తప్పు లెక్క వస్తుంది. నీ వయసువారికి ఈమధ్య అలాంటి సలహాలు చాలామంది ఇస్తున్నారు, అవి వింటే నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి ప్రతి ఘట్టం పక్కనా రెండో ప్రశ్న రాసుకో: రేపటి నుంచి ఇది నా జీవితంలో ఇక ఉండదంటే నాకేమనిపిస్తుంది? కొన్నింటికి ఊరట కలుగుతుంది. కొన్నింటికి ఏమీ అనిపించదు. రాత్రి పొద్దుపోయేదాకా చూసినవాటిలో చాలాభాగం ఈ కోవలోకి వస్తుందని నా అనుమానం. కొన్నింటి దగ్గర మాత్రం, నిన్న నువ్వు విసుక్కుంటూ చేసినదైనా సరే, గుండె ఆగినట్లవుతుంది. పెద్దవాళ్ళ కోసం పడిన శ్రమ, ఎవరికో పాఠం చెప్పిన అరగంట, ఒంటరిగా నడిచిన కాసేపు, ఏదైనా కావచ్చు. దాని పక్కన ఒక గుర్తు గీసుకో.

గంటలు లెక్కపెట్టి తీర్పు చెప్పుకోవద్దని కూడా గట్టిగా చెబుతున్నాను. ఉద్యోగానికి రోజులో ఎక్కువ భాగం ఇస్తున్నావు గనుక డబ్బే నీకు ముఖ్యమని అనుకోవడం న్యాయం కాదు. నీ మీద ఆధారపడినవారు ఉన్నప్పుడు ఆ గంటలన్నీ వాళ్ళ కోసమే కావచ్చు. తప్పనిసరి పనులను పక్కన పెట్టి, నీ చేతిలో ఉన్న కొద్ది సమయాన్ని ముందు చూడు. ఆ తరువాత తప్పనిసరి పనులనే ఎలా చేశావో చూడు. ఎవరూ తనిఖీ చేయరని తెలిసీ నిన్న ఏ పనిని రెండోసారి సరిదిద్దావు? అన్నా ఎవరికీ తెలియదని తెలిసీ ఏ మాట అనకుండా ఆగావు? మెప్పు వచ్చే చోట అందరం బాగానే ప్రవర్తిస్తాం. చూసేవారు లేని చోట మనిషి తనంత తానుగా పడిన శ్రమ ఒక్కటి కనబడినా, అది పది కాగితాల జాబితా కంటే ఎక్కువ చెబుతుంది. నువ్వు చిన్నప్పుడు తప్పు వచ్చిన లెక్కను ఎవరూ అడగకపోయినా మళ్ళీ మొదటి నుంచీ చేసేదానివి. అది నీకు గుర్తుందో లేదో గానీ, నాకు బాగా గుర్తుంది.

ఇలా చూసుకున్నప్పుడు, ముఖ్యమని నమ్మిన వాటికీ నిన్న చేసిన వాటికీ మధ్య ఎడం కనబడుతుంది. నాదంతా నటన అని అప్పుడు నిన్ను నువ్వు నిందించుకోబోతావు. దానికి ముందు ఒక ప్రయోగం గురించి తెలుసుకో. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ 1973లో ప్రచురించిన ఈ ప్రయోగంలో మతబోధకులు కాబోతున్న విద్యార్థులను ఒక చిన్న ప్రసంగం చేయడానికి పక్క భవనానికి పంపారు. వారిలో కొందరి ప్రసంగ విషయం, దారిలో గాయపడి ఉన్నవాణ్ణి ఆదుకున్న పరాయి మనిషి కథ. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉండేలా ఏర్పాటు చేశారు. సమయం ఉందని చెప్పి పంపినవారిలో 63 శాతం మంది ఏదో విధంగా సహాయపడ్డారు. బాగా ఆలస్యమైందని చెప్పి పంపినవారిలో 10 శాతం మందే ఆగారు. ఏ విషయం మీద ప్రసంగించబోతున్నారనేది చెప్పుకోదగిన తేడా తేలేదు. ఆ విద్యార్థులకు దయ విలువ తెలియదని నేను అనుకోను. వాళ్ళకు లేనిది తీరిక.

అందువల్ల నిన్నటి రోజులో నీకు నచ్చని ప్రవర్తన కనబడిన ప్రతిచోటా, అప్పుడు తొందరలో ఉన్నానా అని అడుగు. అమ్మ మాట మధ్యలో తుంచేసింది, సహోద్యోగి ముఖంలో దిగులు చూసీ చూడనట్లు వెళ్ళిపోయింది ఆ వేళల్లోనే అయి ఉండవచ్చు. అలాంటప్పుడు నువ్వు మార్చుకోవలసింది స్వభావం కాదు, బయలుదేరే వేళ, ఒకే పూటలో ఇరికించుకునే పనుల సంఖ్య. తీరిక ఉన్నా పదే పదే తప్పించుకున్నది ఏదైనా కనబడితే మాత్రం దాని ముందు కాసేపు నిలబడు. అది నీకు ముఖ్యమని ఎవరైనా నీకు చెప్పారా, లేక నిజంగా నువ్వే అనుకున్నావా అని పరిశీలించు. పెద్దలు అప్పగించిన విలువల్లో కొన్ని నీవవుతాయి, కొన్ని కావు. నేను చెప్పినవాటికి కూడా ఇది వర్తిస్తుంది, ఈ మాట అనడానికి నాకు సంకోచం లేదు.

అసూయను కూడా పనికి పెట్టుకోవచ్చు. ఎవరినైనా చూసి, నాకూ అలా ఉంటే బాగుండునని మనసు గుచ్చుకున్నప్పుడు, వారి పేరును కాకుండా వారి నిన్నటి రోజును ఊహించు. వాళ్ళు చేసిన సాధన, ఒంటరిగా కూర్చున్న వేళలు, వదులుకున్న సాయంకాలాలు, వాటితో సహా ఆ రోజు నీకు కావాలా? కావాలనిపిస్తే అది నీ విలువకు సంబంధించిన కోరిక. వాళ్ళకు దక్కిన చప్పట్లు మాత్రమే కావాలనిపిస్తే దాన్ని వదిలేయి, నష్టమేమీ లేదు.

పశ్చాత్తాపం విషయంలో థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే పరిశోధకులు 1990ల్లో చూపిన సంగతి నా అనుభవంతో సరిపోతుంది. దగ్గరి కాలంలో మనుషులను తాము చేసిన పనులే ఎక్కువ బాధిస్తాయి. జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు చేయకుండా వదిలేసినవి ఎక్కువ బాధిస్తాయి. చేసిన తప్పును సరిదిద్దుకుంటాం, క్షమాపణ అడుగుతాం, సర్దిచెప్పుకుంటాం. చేయనిదానికి ముగింపు ఉండదు. కాబట్టి నిన్నటి రోజులో జరిగినవి రాసిన తరువాత, జరగవలసి ఉండీ జరగనివాటికి కూడా కింద కొన్ని పంక్తులు వదిలిపెట్టు.

ఇది రాసేటప్పుడు న్యాయమూర్తిలా కూర్చోకు. రోమన్ తత్వవేత్త సెనెకా, రాత్రి దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మౌనంగా ఉండగా, ఆ రోజు తాను అన్నవీ చేసినవీ అన్నీ పరిశీలించుకునేవాడు. దేన్నీ తన నుంచి దాచుకోలేదు; అదే సమయంలో, ఇక ముందు ఇలా చేయకు, ఇప్పటికి నిన్ను క్షమిస్తున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. భయపడేవాడు దాస్తాడు గనుక, దాచకుండా ఉండాలంటే ఆ క్షమ అవసరం.

ఇంకో మాట, ఇది క్లుప్తంగా. నీతో కలిసి ఉండేవారిని, నేను దేన్ని వదులుకోలేనని మీకు అనిపిస్తుందని అడుగు. జవాబు వచ్చాక వాదించకు.

చివరికి ఎన్ని గుర్తులు తేలినా, ఒక్కదాన్నే ఎంచుకుని దానికి రోజులో చోటు ఇవ్వు. "అమ్మతో ఎక్కువ మాట్లాడాలి" అనే సంకల్పం నిలవదు. "రాత్రి భోజనం ముగించి లేవగానే, ఫోన్ అందుకోకముందే, అమ్మ పక్కన కూర్చుంటాను" అనేది నిలిచే అవకాశం ఉంది. ఏ సందర్భం రాగానే ఏం చేస్తామో ముందే ముడివేసుకున్న సంకల్పాలు ఎక్కువగా నెరవేరతాయని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్సర్ పరిశోధనలు చూపించాయి. ఆ చోటు ఎక్కడి నుంచి వస్తుందో కూడా అప్పుడే రాసుకో. రోజుకు ఇరవై నాలుగు గంటలే గనుక, ఏది తగ్గించబోతున్నావో పేరు పెట్టి చెప్పకపోతే తగ్గేది నీ నిద్రే, లేదా మళ్ళీ ఆ అమ్మతో గడిపే సమయమే.

ఈ పనిని ఒకసారి చేసి ముగించకూడదు. జోర్డి క్వైడ్‌బాక్, డేనియల్ గిల్బర్ట్, తిమోతీ విల్సన్ 2013లో ప్రచురించిన పరిశోధనలో 18 నుంచి 68 ఏళ్ళ దాకా వయసున్న 19 వేల మందికి పైగా పాల్గొన్నారు. ఏ వయసువారైనా గత పదేళ్ళలో తాము చాలా మారామన్నారు, రాబోయే పదేళ్ళలో అంతగా మారబోమన్నారు. విలువల విషయంలోనూ అదే కనబడింది. ఈ ఏడాది నీకు తేలినది నీకు శాశ్వతంగా తేలినట్లు కాదు. నా వయసులో కూడా నేను దీన్ని మానలేదు, మొన్న రాసుకున్నదానిలో పదేళ్ళ కిందట లేని పేర్లు ఉన్నాయి.

ఈ వారంలోనే ఒక మామూలు రోజు మరునాడు, ఎవరూ కదిలించని ఒక గంట చూసుకుని మొదలుపెట్టు. రాసినదంతా నాకు పంపనవసరం లేదు, అది నీ సొంతం. ఏ ఒక్కదానికి చోటు ఇచ్చావో, దాని కోసం దేన్ని తగ్గించావో రెండు వాక్యాలు రాస్తే చాలు, ఎదురుచూస్తూ ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న