నవ్వేవాళ్లుంటేనే అల్లరి

ప్రశ్న: మా అబ్బాయి ఐదో తరగతి. ఇంట్లో నెమ్మదస్తుడే. బళ్లో మాత్రం ఇద్దరు స్నేహితులతో చేరి పాఠం మధ్యలో వెకిలి జవాబులు చెబుతున్నాడట. సెక్షన్ మార్పించమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. ఆ ఇద్దరూ దూరమవుతారు గానీ, నవ్వేవాళ్లు కొత్త సెక్షన్‌లోనూ ఉంటారు. వాడి అల్లరికి గిట్టుబాటు ఆ నవ్వే. అందరి ముందూ టీచర్ గద్దిస్తే ఆ గిట్టుబాటు ఇంకా పెరుగుతుంది.

ముందు ఒక వారంపాటు మూడు సంగతులు రాసిపెట్టమని టీచర్‌ని అడగండి: ఏ పీరియడ్‌లో, సరిగ్గా దానికి ముందు ఏం జరిగింది, ఎవరు నవ్వారు. బోర్డు దగ్గరికి పిలిచినప్పుడే వెకిలితనం మొదలవుతుంటే తప్పు స్నేహితులది కాకపోవచ్చు. రాని లెక్కను కప్పిపుచ్చుకుంటున్నాడేమో చూడాలి.

ఇక సీటు. ముగ్గురినీ మూడు మూలలకు పంపితే సైగలు గది ఆ చివరి నుంచి ఈ చివరికి సాగుతాయి, చూసేవాళ్లు ఎక్కువవుతారు. ముందు వరుసలో, వెనక్కి తిరిగితే తప్ప మిగతా ఇద్దరి మొహాలు కనబడని చోట కూర్చోబెట్టాలి. పక్కన తన పని తాను చేసుకుపోయే, పిల్లల్లో కాస్త పలుకుబడి ఉన్న పిల్లాడు ఉండాలి. కాపలాకి కాదు, అలాగైతే శిక్ష ఆ పిల్లాడికే. 1950ల్లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ గీతల పొడవు పోల్చమని చేసిన ప్రయోగాల్లో, చుట్టూ అందరూ తప్పు చెబితే చాలామంది ఒక్కసారైనా వాళ్లతో గొంతు కలిపారు. ఒక్కరు సరైన జవాబు చెప్పినా ఆ ధోరణి బాగా తగ్గింది. పక్కన నవ్వని పిల్లాడు ఒక్కడున్నా మీవాడికి అలాంటి ఆసరా దొరకొచ్చు.

తరగతి మొత్తానికి, 1969 నుంచీ వాడుకలో ఉన్న జట్ల ఆట ఒకటుంది. రెండు జట్లు, మూడే నియమాలు, మొదట్లో రోజుకు పది నిమిషాలు. నియమం తప్పితే జట్టు పేరు కింద ఒక గీత. పిల్లాడి పేరు ఎత్తకూడదు, వాదన పెట్టుకోకూడదు. ఏ జట్టుకీ నాలుగు గీతలు దాటకపోతే రెండు జట్లూ గెలిచినట్టే. కావాలని ఓడించేవాడుంటే వాణ్ణి ఒక్కణ్ణే మూడో జట్టు చేయాలి, లేకపోతే మిగతావాళ్లు వాడిమీద విరుచుకుపడతారు. నవ్వు ఆగిన మొదటి రోజుల్లో అల్లరి ముదరొచ్చు. అక్కడే వదిలేయకూడదు.

ఇంట్లో ‘వాళ్లతో తిరగకు’ అనకండి, బడి కబుర్లు చెప్పడమే మానేస్తాడు. ఆ ఇద్దరినీ ఒక్కొక్కరిగా ఇంటికి పిలవండి. నెలన్నరకీ మార్పు లేకపోయినా, బెదిరింపులున్నట్టు తెలిసినా అప్పుడు సెక్షన్ సంగతి మాట్లాడండి.