మూత్రం ధారను ఇంట్లో ఫోన్‌తో కొలవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: నాన్నగారికి 67 ఏళ్లు, ధార సన్నబడింది, రాత్రుళ్లు మూడు నాలుగు సార్లు లేస్తున్నారు, ఆసుపత్రిలో యూరోఫ్లో టెస్టు (మూత్రం ఎంత వేగంగా వస్తోందో యంత్రంతో కొలిచేది) అంటే రానంటున్నారు, ఫోన్‌తో ఇంట్లోనే చేసేయొచ్చా అని.

కొలవచ్చు. నేనూ ఆ వయసువాణ్ణే, ప్రొస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరిగి ఇదే ఇబ్బంది పడ్డాను, ఇంట్లో కొలుచుకున్నాను, ఇప్పటికీ అప్పుడప్పుడు కొలుచుకుంటూనే ఉన్నాను. అయితే ఫోన్ చెప్పేది ధార ఎలా ఉందన్నదే. ఎందుకలా ఉందో డాక్టరే తేల్చాలి. ఈ కొలతలు ఆయన చేతిలో పెట్టడానికి తీసుకోండి, ఆయన దగ్గరికి వెళ్లకుండా ఉండడానికి కాదు.

నాన్నగారు రానంటే ఆయన్ని కోప్పడకండి. నాకు ఆ టెస్టు చేసినప్పుడు "నీళ్లు బాగా తాగి కూర్చోండి, గట్టిగా వస్తే చెప్పండి" అన్నారు. చెప్పేసరికి లోపల ఇంకొకరున్నారు. నా వంతు వచ్చేటప్పటికి పొత్తికడుపు ఉబ్బిపోయి నిలబడలేకపోయాను. తలుపు అవతల జనం మాటలు వినపడుతుంటే ఆ యంత్రం గరాటు ముందు నిలబడితే ఎంతసేపటికీ మొదలవదు. గరిష్ఠ వేగం సెకనుకు 7 మి.లీ. అని కాగితం మీద వచ్చింది. మూత్రాశయం మరీ నిండిపోతే కండరం సాగిపోయి ధారలో బలం తగ్గుతుంది. అలాగని 150 మి.లీ. కంటే తక్కువ పోసినా ఆ లెక్కను నమ్మలేం. అసలు మూత్రం వేగం ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు. అందుకే ఇంట్లో, టెన్షన్ లేకుండా, రోజువారీగా వెళ్లినప్పుడు తీసిన కొలతలకు విలువ ఉంది.

ఫోన్ యాప్‌లు శబ్దం మీద ఆధారపడతాయి. ధార కమోడ్‌లోని నీళ్ల మీద పడే చప్పుడును మైకు రికార్డు చేస్తుంది, ఆ చప్పుడు ఎక్కువ తక్కువలను బట్టి వేగం అంచనా కడుతుంది. కాబట్టి నిలబడే పోయాలి, ధార నీళ్ల మీదే పడాలి, ఫోన్ ప్రతిసారీ ఒకే చోట ఉండాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేయాలి, పక్కన బకెట్‌లోకి కుళాయి కారుతుండకూడదు. ఎంతసేపు పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు ఆగింది, గ్రాఫ్ ఏ ఆకారంలో ఉంది అన్నవి ఇందులో బాగానే తెలుస్తాయి. ఎన్ని మి.లీ. పోశారన్నది మాత్రం అంచనాయే. మీ ఇంట్లో ఇండియన్ టాయిలెట్ అయితే ఈ పద్ధతిని వదిలేయండి. ధార పింగాణీ మీద పడితే వచ్చే శబ్దం వేరు, ఆ లెక్క పనికిరాదు.

నాకు ఎక్కువ నమ్మకం కుదిరింది తూకం పద్ధతి మీద. చాలా ఆసుపత్రి యంత్రాలు చేసేదీ అదే, పడుతున్న మూత్రం బరువు క్షణక్షణం ఎంత పెరుగుతోందో చూడడం. వంటింట్లో వాడే డిజిటల్ తూకం, ఒక గ్రాము దాకా చూపించేది, దీనికోసం విడిగా ఒకటి కొనండి. గట్టి స్టూలు మీద అది పెట్టి, పైన వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ మగ్గు ఉంచి, అంకెను సున్నా చేయండి. అంకెలు స్పష్టంగా కనపడేలా ఫోన్‌ను ఆనించి వీడియో ఆన్ చేసి, మీరు బయటికి వచ్చి తలుపు వేసేయండి. ఎవరూ దగ్గర లేకపోతేనే ఆయనకు మామూలుగా వస్తుంది. మగ్గు లోపలి గోడ మీద ధార పడేలా పోయమనండి, అంకె ఎగిరెగిరి పడదు. మూత్రం ఒక గ్రాము అంటే దాదాపు ఒక మి.లీ. లెక్కే.

తర్వాత వీడియోను ఆపుతూ ఆపుతూ ప్రతి సెకనుకు కనపడిన అంకె రాసుకోండి. నా పుస్తకంలో ఒక పూట ఇలా ఉంది: 4, 11, 21, 32, 44, 55, 65, 74... ఒక్కోదాంట్లోంచి ముందుదాన్ని తీసేస్తే 7, 10, 11, 12, 11, 10, 9. అంటే గరిష్ఠం 12. ఒక్క సెకను పాటు 25 అని ఎగిరి వెంటనే పడిపోతే దాన్ని పట్టించుకోకండి, అది మగ్గు కదలడమో, ముక్కడమో అయి ఉంటుంది. రెండు మూడు సెకన్లు నిలబడిన వేగమే అసలు వేగం. ఇంత ఓపిక లేకపోతే కొలత గీతలున్న మగ్గు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మొత్తం మి.లీ.ని సెకన్లతో భాగిస్తే సగటు వస్తుంది. గరిష్ఠం సాధారణంగా సగటుకు రెట్టింపు దరిదాపుల్లో ఉంటుంది.

గరిష్ఠం సెకనుకు 15 దాటితే మామూలుగా బాగున్నట్టు, 10 కంటే తక్కువైతే అడ్డంకి ఉందేమో చూడాలి. మధ్యలో ఉంటే అంకె ఒక్కటే ఏమీ తేల్చదు. సెకను సెకనుకు వచ్చిన వేగాలను గ్రాఫ్‌గా గీసి ఆకారం చూడండి. ఆరోగ్యంగా ఉంటే చకచకా పైకి లేచి గంటలా దిగుతుంది. ప్రొస్టేట్ నొక్కుతుంటే తక్కువ ఎత్తులో సాగుతూ, చివర చాలాసేపు చుక్కలు చుక్కలుగా పడుతుంది. పైభాగం బల్లపరుపుగా ఉంటే మూత్రనాళం ఎక్కడైనా సన్నబడిందేమో అని డాక్టర్లు అనుమానిస్తారు. ముక్కి పోసేవాళ్లకు రంపం పళ్లలా వస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అడ్డంకి ఉన్నా, మూత్రాశయం కండరం బలహీనపడినా, ధార ఒకేలా సన్నబడుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఈ రెండోది తరచూ చూస్తారు. దీన్ని ఏ యాప్ విడదీయలేదు. క్యాన్సర్ ఉందో లేదో కూడా ధార చెప్పదు, ధార బాగుందని ధీమాగా ఉండకూడదు. నేను పుస్తకం తీసుకెళ్లి చూపిస్తే యూరాలజిస్టు ఓపికగా తిరగేశారు, కానీ మందు రాసే ముందు స్కానింగ్‌లో మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో చూశారు, ప్రొస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చేయించారు. అప్పుడే టాంసులోసిన్ అనే, ధార సులువుగా వచ్చేలా చేసే మందు మొదలుపెట్టారు. అది పని చేస్తోందని ఇంట్లో కొలిచిన అంకెల్లోనే ముందు కనపడింది.

మగ్గు చేతిలో ఉంది కాబట్టి మూడు రోజులు, రాత్రీ పగలూ, ప్రతిసారీ టైము, మి.లీ. రాయించండి. ధార కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. రోజు మొత్తంలో మూడో వంతు కంటే ఎక్కువ రాత్రే వస్తుంటే నాన్నగారి నిద్ర పాడవుతున్నది ప్రొస్టేట్ వల్లే కాకపోవచ్చు. కాళ్ల వాపు, గుండె, నిద్రలో గురకతో ఊపిరి ఆగడం, ఇలాంటివి డాక్టరు వెతుకుతారు.

కొలతలంటూ కూర్చోకూడని సందర్భాలున్నాయి. మూత్రంలో రక్తం, చలిజ్వరం, పొత్తికడుపు నొప్పితో ఉబ్బి చుక్క కూడా రాకపోవడం, వీటిలో ఏది కనపడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జలుబు చేసిందని మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక మాత్ర వేయకండి. వాటిలో చాలావాటిల్లో ఉండే మందులు ఈ వయసులో మూత్రాన్ని పూర్తిగా బిగించేయగలవు. టాంసులోసిన్ వేసుకుంటూ శుక్లాల ఆపరేషన్‌కు వెళ్లాల్సి వస్తే, ఆ మాట కంటి డాక్టరుకు ముందే చెప్పండి. ఆ మందు వల్ల ఆపరేషన్‌లో కంటిపాప సరిగ్గా విచ్చుకోదు, తెలిస్తే వాళ్లు తగిన జాగ్రత్త తీసుకుంటారు.