పల్చని ల్యాప్‌టాప్‌లో ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా?

16 జీబీ ర్యామ్ ఉన్న తేలికపాటి ల్యాప్‌టాప్ ఇప్పుడే తీసుకుని రెండేళ్ల తర్వాత 32 చేసుకోవచ్చా, లేక ర్యామ్ మార్చుకునే వీలున్న పల్చని మోడళ్లు వచ్చేదాకా ఆగాలా అని అడిగారు. ఆగొద్దు, కానీ తర్వాత పెంచుకోవచ్చన్న నమ్మకంతో మాత్రం కొనొద్దు.

నేను అలాగే నమ్మి 8 జీబీది కొన్నాను. ఏడాదిన్నర తిరిగేసరికి వీడియో కాల్ నడుస్తుండగా బ్రౌజర్ తెరిస్తే చాలు, టైప్ చేసిన అక్షరం కాసేపటికి గానీ స్క్రీన్ మీద పడేది కాదు. ఓ ఆదివారం కూర్చుని అడుగు మూత విప్పాను. రెండు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద ఉన్నాయి, వాటిని వెతకడానికే అరగంట పట్టింది. తీరా చూస్తే స్లాట్ అన్నదే లేదు. ప్రాసెసర్ పక్కన నాలుగు నల్లటి చిప్పులు, బోర్డుకే సోల్డర్ చేసేశారు. చాలా బాధేసింది.

మనచేత కొత్తది కొనిపించడానికే ఇలా చేస్తారని అప్పట్లో కోపమొచ్చింది గానీ, సాంకేతిక కారణం కూడా గట్టిదే. వీటిలో వాడే ఎల్‌పీడీడీఆర్ ర్యామ్ తక్కువ కరెంటుతో చాలా వేగంగా పనిచేస్తుంది. అంత వేగంలో సిగ్నల్ చెడిపోకూడదంటే చిప్పు ప్రాసెసర్‌కి బాగా దగ్గర్లో ఉండాలి. ర్యామ్ కార్డుని గుచ్చి తీసుకునే పాత తరహా సోడిమ్ స్లాట్‌తో అది కుదరదు, పైగా మందం పెరుగుతుంది. 2024లో వచ్చిన ఇంటెల్ లూనార్ లేక్‌లో అయితే ర్యామ్ ఏకంగా ప్రాసెసర్ ప్యాకేజీలోకే వెళ్లిపోయింది: 16 లేదా 32, అంతే.

ఇక ముందు సంగతి. నాకు ఆశ ఉన్నది ఎల్‌పీక్యామ్2 మీద. అవే ఎల్‌పీడీడీఆర్ చిప్పులను ఒక చదునైన మాడ్యూల్ మీద పెట్టి, దాన్ని బోర్డుకి స్క్రూలతో బిగిస్తారు. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో ఇది వచ్చింది కూడా. అయితే అది వర్క్‌స్టేషన్, అంటే భారీ పనుల కోసం చేసిన ల్యాప్‌టాప్. కిలో బరువుండే వాటిలోకి రావడానికి ఇంకా చాలా కాలం పడుతుందని నా అంచనా. ఆ మాడ్యూల్‌కి పట్టే చోటుని కంపెనీలు బ్యాటరీకి ఇవ్వడానికే ఇష్టపడతాయి.

ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. చాలా మోడళ్లలో దాన్ని తీసి మార్చుకునే ఎం.2 స్లాటే ఉంటుంది, నాదాంట్లో 256 జీబీ తీసి 1 టీబీ వేసుకున్నాను. పొడవు మాత్రం చూసుకోండి, కొన్నిటిలో 2280 (80 మి.మీ. పొడవుది) పట్టదు, చిన్నదైన 2230 (30 మి.మీ.) మాత్రమే పడుతుంది.

బ్యాటరీని ఎవరూ పట్టించుకోరు గానీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అదే. మూడో ఏడు అది ఉబ్బి, టచ్‌ప్యాడ్‌ని కింది నుంచి పైకి నెట్టేసింది, క్లిక్ పడటం మానేసింది. ఉబ్బిన బ్యాటరీ ప్రమాదం కాబట్టి ఆ రోజే వాడటం ఆపి మార్పించాను. 2027 ఫిబ్రవరి 18 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఇలాంటి పరికరాల బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలన్న నిబంధన వస్తోంది. అక్కడికోసం మార్చిన డిజైన్లే మిగతా దేశాల్లోనూ అమ్ముతారని అనుకుంటున్నాను.

మీ బడ్జెట్‌లో ఏదో ఒకటే పెంచగలిగితే ఎస్‌ఎస్‌డీ తక్కువ జీబీదే తీసుకుని ర్యామ్ 32 పెట్టించుకోండి. డబ్బు కట్టేముందు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి చూడండి. ర్యామ్ ఎలా తీయాలో చెప్పే పేజీ అందులో లేకపోతే అది సోల్డర్ చేసిందే అయ్యుంటుంది.