ప్లాట్‌ఫారమ్ ఒకటే అయితే బండీ ఒకటేనా?

ప్రశ్న: ఇంట్లో ఆరుగురం. నేను మినీవ్యాన్ అంటున్నాను, మావారు ఎస్‌యూవీ అంటున్నారు. హోండా వారి ఒడిస్సీ మినీవ్యాన్, పైలట్ ఎస్‌యూవీ ఒకే ప్లాట్‌ఫారమ్ మీద తయారైనవేనని చదివాను. అంటే లోపల మనిషి ఒకడే, చొక్కా మాత్రం వేరా? మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, అది కూడా చూసి చెప్పండి.

జవాబు: మీరు చదివింది నిజమేనండీ. 1999 మోడల్ ఒడిస్సీకి వాడిన ప్లాట్‌ఫారమ్ మీదే 2001 అక్యూరా (హోండా వారి ఖరీదైన బ్రాండ్) ఎండీఎక్స్ ఎస్‌యూవీ, 2003 పైలట్ వచ్చాయి. టయోటా కూడా క్యామ్రీ కారు ప్లాట్‌ఫారమ్ మీదే సియెన్నా మినీవ్యాన్‌ను, హైల్యాండర్ ఎస్‌యూవీనీ నిలబెట్టింది. ప్లాట్‌ఫారమ్ అంటే పాత లారీలకు ఉండే విడి చట్రం కాదు; బండి అడుగుభాగం, ఇంజిన్ కూర్చునే చోటు, సస్పెన్షన్ బిగించే పాయింట్లు, స్టీరింగ్ అమరిక, ఇవన్నీ కలిపి. క్రాష్ టెస్టులకు తట్టుకునేలా ముందు భాగం డిజైన్ చేయడానికే బోలెడు ఖర్చు, అందుకే ఒకసారి చేసుకున్నదాన్ని సాగదీసి ఒక బండికి, కుదించి ఇంకో బండికి వాడుకుంటారు.

కానీ తేడా చొక్కాలో మాత్రమే లేదు. మినీవ్యాన్ పక్కన నిలబడి చూడండి, వెనక కిటికీ కింద పొడుగ్గా ఒక గాడి కనిపిస్తుంది, జారుడు తలుపు దాని వెంటే వెనక్కి వెళ్తుంది. ఫ్లోర్ కిందికి, చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దగా కాలెత్తకుండా ఎక్కేయొచ్చు. క్రాసోవర్‌లో, అంటే పైలట్‌లా ఇలాంటి ప్లాట్‌ఫారమ్ మీద కట్టిన ఎస్‌యూవీలో, ఫ్లోర్ ఎత్తు, ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ వెళ్లే ఏర్పాటు) అయితే వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టుకీ కింద చోటివ్వాలి. 2005 మోడల్ క్రైస్లర్ మినీవ్యాన్లలో మధ్య సీట్లు కూడా ఫ్లోర్‌లోకి మడిచేసే ఏర్పాటు వచ్చింది, ఆ గుంటలు చోటంతా తీసుకోవడంతో ఆల్ వీల్ డ్రైవ్‌నే వదిలేశారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా!

అన్నట్టు, జనరల్ మోటార్స్ తన మినీవ్యాన్ ప్లాట్‌ఫారమ్‌ను కుదించి పాంటియాక్ ఆజ్‌టెక్ అనే క్రాసోవర్ చేసింది. దాని ఆకారం చూసి జనం నవ్వుకున్నారు, 2005 మోడల్‌తో అది ఆగిపోయింది. అదే ప్లాట్‌ఫారమ్ మీద వచ్చిన బ్యూక్ రాందెవూ అంతకంటే బాగానే అమ్ముడుపోయింది.

మంచు, బురద దారులు తప్పనిసరైతే మీవారి మాట వినండి, లేకపోతే వ్యానే. టెస్ట్ డ్రైవ్‌కి అత్తగారిని కూడా తీసుకెళ్లి మధ్య వరసలోకి ఎక్కించి చూడండి. మూడో వరసలో మాత్రం మీవారినే ఓ అరగంట కూర్చోబెట్టండి.