'గెక్యుండిష్ట్' అని ఉత్తరం వస్తే

జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఫోన్ చేసి నన్ను ఎక్కువగా అడిగే మాట ఇదే. ట్రాన్స్‌లేటర్ యాప్ 'రద్దయింది' అని చూపిస్తుంది, ఇక టెన్షన్ మొదలు. కంగారు పడకండి. 'గెక్యుండిష్ట్' అంటే ఉద్యోగానికో, అద్దె ఇంటికో నోటీసు ఇచ్చేశారని అర్థం. గడువు తీరేదాకా ఒప్పందం మామూలుగా నడుస్తుంది. అప్పటిదాకా జీతం వస్తుంది, అద్దె కూడా కట్టాల్సిందే.

నోటీసు ఎవరు ఇచ్చారన్నది పక్కనున్న మాటలు చెబుతాయి. 'ఇష్ హాబె గెక్యుండిష్ట్' అంటే నేనే ఇచ్చాను. 'మీర్ వుర్డె గెక్యుండిష్ట్' అంటే నాకు ఇచ్చారు. 'మీర్' అంటే మన 'నాకు'నే, కాబట్టి తెలుగులో అనుకుని చెబితే తప్పు జరగదు. ఈ రెండింటినీ తారుమారు చేస్తే నష్టం పెద్దది. సరైన కారణం లేకుండా మీరే ఉద్యోగం మానేశారని తేలితే నిరుద్యోగ భృతిని మామూలుగా 12 వారాలు ఆపేస్తారు. ఉపాధి కార్యాలయంలో అడిగినప్పుడు ఆలోచించుకుని చెప్పండి.

ఉద్యోగానికైనా, అద్దె ఇంటికైనా నోటీసు కాగితం మీద, చేత్తో చేసిన సంతకంతో ఉండాలి. ఈమెయిల్, వాట్సాప్ చెల్లవు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మొదటి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఈమెయిల్ పంపి ఊరుకున్నాను, ఒక నెల అద్దె అదనంగా కట్టాల్సి వచ్చింది. అద్దెకున్నవాళ్లకు గడువు సాధారణంగా 3 నెలలు. ఉత్తరం మార్చి మూడో పనిదినంలోపు యజమానికి చేరితే మే నెలాఖరుకు ఖాళీ చేయొచ్చు. ఒక్క రోజు ఆలస్యమైనా జూన్ నెలాఖరే.

కంపెనీ మీకు నోటీసు ఇస్తే, దాన్ని సవాలు చేయడానికి లేబర్ కోర్టుకు వెళ్లే గడువు ఉత్తరం చేతికందిన నాటి నుంచి 3 వారాలే. ఉద్యోగం ముగియడానికి 3 నెలలకన్నా తక్కువ సమయముంటే, విషయం తెలిసిన 3 రోజుల్లో ఉపాధి కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. వీసా ఈ ఉద్యోగం మీదే ఉంటే విదేశీయుల కార్యాలయానికీ చెప్పాలి. 'పరస్పర అంగీకారంతో ఉద్యోగం ముగిద్దాం' అంటూ ఇంకో కాగితం ముందు పెడితే మాత్రం అక్కడికక్కడే సంతకం చేయొద్దు. ఇంటికి తెచ్చుకుని, తెలిసినవాళ్లకు చూపించండి.

కొత్త ఉద్యోగాలకు రాసే దరఖాస్తుల్లో 'ఉన్‌గెక్యుండిష్ట్' అనే మాట ఎదురవుతుంది. ముందున్న 'ఉన్' మన 'అన్యాయం'లోని 'అ' లాంటిది. ఇప్పటి ఉద్యోగంలోనే ఉన్నాను, నేను నోటీసు ఇవ్వలేదు, కంపెనీ కూడా నాకు ఇవ్వలేదు అని దాని భావం. నోటీసు వచ్చేశాక ఆ మాట రాయకండి.