బర్మా యుద్ధంలో ఎగిరిన హరికేన్ యుద్ధవిమానం మోడల్‌కి రెక్కల మీది చక్రంలో (వాయుసేన గుండ్రటి గుర్తులో) ఎరుపు వెయ్యాలా?

వద్దు. మీరు అడిగినది 1944 నాటి విమానం, బర్మా పడమటి తీరంలోని అరకాన్‌లో ఎగిరిన భారత వాయుసేన 6వ స్క్వాడ్రన్‌ది. బ్రిటిష్ చక్రం మధ్యలో అసలు ఎరుపే ఉండేది. జపాన్ విమానాల మీదా ఎరుపు గుండ్రమే కాబట్టి, మనవాళ్లే పొరపాటున కాల్చకుండా తూర్పు యుద్ధరంగంలో ఎరుపు తీసేశారు. బయట ముదురు నీలం, లోపల తెలుపు కలిపిన లేత నీలం మిగిలాయి. తోక మీది పట్టీ కూడా అంతే.

ఫైటర్ల మీద 16 అంగుళాల చక్రం ఎక్కువగా కనిపిస్తుంది. 1/72 స్కేల్లో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, అది సుమారు 5.6 మిల్లీమీటర్లు, పెసరగింజకన్నా కొంచెం పెద్దది. కిట్‌లో పెద్ద స్టిక్కర్ వస్తే నమ్మకండి, ఆ విమానం ఫోటోనే నమ్మండి.

ముందు లేత నీలం వేసి, పూర్తిగా ఆరాక మధ్యలో గుండ్రంగా కోసిన మాస్కింగ్ టేప్ అంటించి, చుట్టూ ముదురు నీలం పల్చగా రెండు కోట్లు వెయ్యండి. మా రాయగడలో వానాకాలం గాలంతా తేమే. ఒకసారి తొందరపడి టేప్ లాగితే రంగు పొరలా లేచొచ్చింది. అప్పట్నుంచి ఒక రాత్రంతా ఆగుతున్నాను. ముదురు నీలంలో ఒక చుక్క బూడిదరంగు కలపండి, చిన్న మోడల్ మీద అసలు రంగు మరీ నల్లగా కనిపిస్తుంది.