ఏడాదిపాటు ఇంకో ఇంటి పిల్లలు: పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ హైస్కూల్ ఎక్స్‌ఛేంజ్ గురించే వచ్చాయి. అంటే పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు ఒక విద్యాసంవత్సరం వేరే దేశం వెళ్లి, అక్కడి కుటుంబంతో ఉండి, ఆ ఊరి బడిలోనే చదువుకుని, తిరిగి వచ్చేయడం. ఆ చివరి ముక్కని చాలామంది చూడకుండా దాటేస్తున్నట్టున్నారు, అందుకే ముందే చెప్పేస్తున్నా.

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లె. పదో తరగతి చదువుతున్నాను మేడమ్. అమెరికాలో ఒక ఏడాది చదవాలని ఉంది. నాన్నగారేమో "తోటివాళ్లు ముందుకెళ్లిపోతారు, రేపు జేఈఈకి ఇబ్బంది" అంటున్నారు. ఎవరి ద్వారా వెళ్లాలో కూడా తెలీదు. (ఒక విద్యార్థిని)

జవాబు: మీ నాన్నగారి మాట సగం నిజమే తల్లీ. ఏడాది వెనకపడతావు, దాన్ని దాచి లాభం లేదు. అక్కడి స్కూల్లో చదివిన ఏడాది ఇక్కడ ఇంటర్ కింద లెక్కకు రాదు, అక్కడి డిప్లొమా ఇస్తారన్న గ్యారంటీ కూడా ఉండదు. వచ్చాక ఇంటర్ రెండేళ్లూ మామూలుగా చదవాల్సిందే. కానీ జేఈఈ భయం మాత్రం అక్కర్లేదు. మెయిన్‌కి మూడు సంవత్సరాలు, అడ్వాన్స్‌డ్‌కి వరుసగా రెండు సంవత్సరాలు అని పెట్టిన లెక్క నువ్వు ఇంటర్ రెండో ఏడు పరీక్ష రాసిన సంవత్సరం నుంచి నడుస్తుంది, పదో తరగతి నుంచి కాదు. నీట్‌కి పదిహేడేళ్లు నిండితే చాలు.

నాన్నగారు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది, దాన్ని కన్సల్టెన్సీల వాళ్లు ఎవరూ ఎత్తరు. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం స్థానికులకి కదా. స్థానికులా కాదా అని తేల్చడానికి ఇంటర్ పరీక్ష రాసే ఏడాదితో కలిపి వెనక్కి నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఎక్కడ చదివావో చూస్తారు. పది అయ్యాక ఏడాది బయట ఉంటే ఆ నాలుగేళ్ల మధ్యలోనే గండి పడుతుంది. దాన్ని ఎలా లెక్కిస్తారో, నివాస ధ్రువపత్రం పెట్టుకుంటే సరిపోతుందో లేదో అడ్మిషన్ల హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లి అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. వెళ్లొచ్చాక కాదు, టికెట్ కొనకముందే. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టుకో.

వెళ్లడానికి సరైన సమయం పదికీ ఇంటర్‌కీ మధ్యే. ఆగస్టులో వెళ్లి జూన్‌లో వచ్చి ఇంటర్‌లో చేరిపోవచ్చు. ఇంటర్ మొదటి ఏడు అయ్యాక కూడా అమెరికా వాళ్లు తీసుకుంటారు (ఎల్‌కేజీ, యూకేజీ కాకుండా పదకొండేళ్ల చదువు దాటకూడదన్నది వాళ్ల నిబంధన), కానీ మొదటి ఏడు ఫిజిక్సు మర్చిపోయి వచ్చి రెండో ఏట కూర్చోవడం నాకు నచ్చదు. దారులు చూస్తే, రోటరీ యూత్ ఎక్స్‌ఛేంజ్ ఉంది, మీ దగ్గర్లోని రోటరీ క్లబ్బులో అడగొచ్చు. అక్కడ తిండి, ఇల్లు, స్కూలు ఫీజు నీ మీద పడవు, విమానం టికెట్టు, ఇన్సూరెన్సు, వీసా ఖర్చు మీవే. ఏఎఫ్‌ఎస్ అనే ఎక్స్‌ఛేంజ్ సంస్థవాళ్లు ఈ పని 1940ల నుంచి చేస్తున్నారు, ఫీజు మాత్రం లక్షల్లోనే. అమెరికా ప్రభుత్వం ఖర్చుపెట్టే కెనడీ-లూగర్ యెస్ స్కాలర్‌షిప్ 2002లో మొదలైంది, మన దేశం పిల్లల్నీ తీసుకుంటూ వచ్చింది. ఈ ఏడు తీసుకుంటున్నారా, ఏ ఊళ్ల నుంచి తీసుకుంటున్నారన్నది వాళ్లనే అడగాలి. ఏ దారైనా పై ఏడు ఆగస్టు ప్రయాణానికి ఈ ఏడు దసరా నాటికే పని మొదలవ్వాలి. ఎవరికైనా డబ్బు కట్టేముందు, అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ల (పిల్లల బాధ్యత తీసుకునే సంస్థల) జాబితాలో అక్కడి సంస్థ పేరుందో లేదో చూడండి. లేకపోతే ఆ మాట అక్కడితో వదిలెయ్యండి.

ప్రశ్న: నేను కువైట్‌లో ఎనిమిదేళ్లు ఇళ్లలో పనిచేసి వచ్చానండి. మా అమ్మాయికి ఎక్స్‌ఛేంజ్‌లో సీటొచ్చింది. ఆ ఇంటివాళ్లకి డబ్బులేమీ ఇవ్వరంట. పైసా తీసుకోకుండా పరాయి పిల్లని ఏడాదిపాటు ఎవరు మేపుతారండి? పని చేయించుకోడానికి కాకపోతే? రాత్రిళ్లు నిద్రపట్టట్లేదు. (ఓ తల్లి, రాజోలు)

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న అడిగే హక్కు మీకు ఉన్నంతగా ఇంకెవరికీ లేదు. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో ఉండటమంటే ఏంటో మీకు తెలుసు. కాబట్టి మీకు తెలిసిన లెక్కలోనే చెబుతాను. కువైట్‌లో మీ వీసా ఆ ఇంటి యజమాని చేతిలో ఉంటుంది, ఇల్లు వదిలితే వీసా పోతుంది, భయమంతా అక్కడే. మీ అమ్మాయి వీసా ఆ కుటుంబం చేతిలో ఉండదు, స్పాన్సర్ సంస్థ మీద ఉంటుంది. ఇల్లు నచ్చకపోతే ఇంకో ఇంటికి మారుస్తారు, వీసాకేమీ కాదు. పాస్‌పోర్టు మీ అమ్మాయి దగ్గరే ఉండాలి. "భద్రంగా దాచిపెడతాం" అని ఎవరడిగినా ఇవ్వొద్దని చెప్పండి.

ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతివాళ్ల మీదా నేరచరిత్ర ఉందేమో చూస్తారు, ముందే ఇల్లు వచ్చి చూసి వెళ్తారు, పిల్లకి సొంత మంచం ఉండాలి, మగపిల్లలతో ఒకే గది పంచుకోకూడదు. స్థానిక కోఆర్డినేటర్ (అక్కడ ఆ సంస్థ తరఫు మనిషి) నెలకోసారైనా మీ అమ్మాయితో మాట్లాడాలి. ఇవన్నీ అమెరికా నిబంధనల్లో ఉన్నవే. అక్కడి విదేశాంగ శాఖ ఫోన్ నంబరు ఉన్న కార్డు కూడా చేతికిస్తారు, అది పర్సులోనే ఉండాలి.

ఇక ఎందుకు పెట్టుకుంటారంటే, రకరకాలు. సొంత పిల్లలు కాలేజీకి వెళ్లిపోయి ఇల్లు బోసిపోయినవాళ్లు ఉంటారు, తమ పిల్లాడు ఎప్పుడో ఇలాగే ఇంకో దేశం వెళ్లొస్తే ఆ రుణం తీర్చుకుందామనుకునేవాళ్లు ఉంటారు. పని కలిసొస్తుందని చూసేవాళ్లు అస్సలు లేరని నేను అనను. అందుకే గీత ఎక్కడుందో అమ్మాయికి తెలియాలి. తిన్న ప్లేటు కడగడం, తన బట్టలు మెషిన్లో వేసుకోవడం, వారానికోసారి వాక్యూమ్ పట్టడం, వంతు వచ్చినప్పుడు చెత్తబుట్ట బయట పెట్టడం, ఇవి ఆ ఇంటి సొంత పిల్లలూ చేసేవే, చెయ్యనంటే మీ అమ్మాయికే మర్యాద కాదు. రోజూ సాయంత్రం చంటిపిల్లల్ని వదిలేసి వెళ్లిపోవడం, ఇల్లంతా తనమీదే పడటం వేరే సంగతి, అది మొదటి వారంలోనే కోఆర్డినేటర్‌కి చెప్పాలి. ఎప్పుడైనా ఓ పూట పిల్లల్ని చూసి పాకెట్ మనీ తీసుకోవడం వరకు తప్పులేదు, అంతకుమించి ఉద్యోగం చెయ్యనివ్వరు.

వెళ్లేముందు ఆ కుటుంబంతో వీడియో కాల్‌లో మీరే మాట్లాడండి, అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంది. ఇంట్లో ఎంతమంది, స్కూలు నుంచి వచ్చాక ఎవరుంటారు, చిన్నపిల్లలుంటే ఎవరు చూసుకుంటారు, మొహమాటం లేకుండా అడగండి. మనవైపు వియ్యంకుల ఇంటి గురించి ఎన్ని ఆరాలు తీస్తాం!

ప్రశ్న: ఒహాయోలో ఉన్నానండి, మాది ఆత్రేయపురం దగ్గర. వచ్చి నాలుగు నెలలైంది. వీళ్లు మంచివాళ్లే గానీ ఎవరి పని వాళ్లది. ఆరింటికే భోజనం అయిపోతుంది, రాత్రి పదికి కడుపు కాలిపోతుంది, అడగాలంటే మొహమాటం. రోజూ అమ్మకి ఫోన్ చేస్తున్నా, ఇద్దరం ఏడుస్తున్నాం. శనాదివారాలు కొలంబస్‌లో తెలుగువాళ్ల ఇంటికి పోతే కాస్త ప్రాణం లేచొస్తోంది. తిరిగొచ్చేయనా? (ఒక విద్యార్థి)

జవాబు: ఇప్పుడే రావొద్దు బాబూ. చలి, చీకటి, ఇంటిమీద బెంగ అన్నీ ఒకేసారి మీదపడ్డ కాలం ఇది, ఈ నెలల్లో తీసుకున్న నిర్ణయాన్ని నేను నమ్మను.

ముందు ఆకలి సంగతి. మనింట్లో రెండుసార్లు వద్దన్నా మూడోసారి వడ్డిస్తారు, అక్కడ ఒకసారి వద్దంటే గిన్నె తీసేస్తారు, నీ మాటకి గౌరవమిచ్చి. "రాత్రి ఆకలేస్తోంది, ఏం తినొచ్చు?" అని ఆవిడనే అడుగు. ఫ్రిజ్‌లో ఏ అర నీదో చూపించేస్తారు, విషయం అక్కడితో తెగిపోతుంది. ఓ ఆదివారం నువ్వే పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసి పెట్టు, కారం సగం తగ్గించి. అన్నం ముద్దయినా, మాడినా పర్లేదు.

ఫోన్ మాత్రం తగ్గించాల్సిందే. నీకు రాత్రి తొమ్మిదంటే చలికాలంలో ఇక్కడ పొద్దున్న ఏడున్నర. అమ్మ ఆ ఏడుపుతోనే పొయ్యి ముట్టిస్తుంది, నువ్వు ఆ ఏడుపుతోనే పడుకుంటున్నావు. వారానికి ఒకటి, మహా అయితే రెండు కాల్స్. అమ్మగారికి నేను చెప్పానని చెప్పు. కొలంబస్ కూడా నెలకోసారి చాలు. ఇది కోపం తెప్పిస్తుందని తెలుసు, కానీ నీ క్లాసు పిల్లలు కలిసి తిరిగేది ఆ శనాదివారాల్లోనే, నువ్వు ఊళ్లో లేకపోతే వాళ్లకి ఎలా దగ్గరవుతావు? వసంతకాలంలో చాలా స్కూళ్లలో పరుగుపందేల జట్టుకి సెలక్షన్ అంటూ పెద్దగా ఉండదు, పేరిస్తే తీసుకుంటారు. చేరిపో. పందెంలో ఆఖరిన వచ్చినా జట్టు బస్సులో నీకో సీటుంటుంది.

ఇంత చేసినా మార్చి నాటికి అలాగే ఉంటే కోఆర్డినేటర్‌తో ఇల్లు మార్పు గురించి మాట్లాడు. మారడం పరువు తక్కువేం కాదు.

ప్రశ్న: మావాడు అమెరికా వెళ్తున్నాడు. ఆ ఇంటివాళ్లకి కోడిమాంసం పచ్చడి, మా చేలో పండిన బియ్యం పదికిలోలు పంపుదామనుకుంటున్నాం. (ఒక తండ్రి, భీమవరం)

జవాబు: రెండూ వద్దండీ. మాంసం పచ్చడి విమానాశ్రయంలో తీసేస్తారు. బియ్యమూ అంతే, ఖాప్రా అనే పురుగు భయంతో మన దేశం నుంచి సామాన్లలో తీసుకెళ్లే బియ్యాన్ని వాళ్లు రానివ్వరు. పూతరేకులు పంపొచ్చు గానీ సూట్‌కేసులో పొడైపోతాయి, డబ్బా చేతిసంచిలో పెట్టండి. నన్నడిగితే నరసాపురం లేసు టేబుల్ క్లాత్ ఒకటి చాలు, బరువుండదు, ఏళ్లపాటు వాళ్ల బల్లమీద ఉంటుంది.

ప్రశ్న: ఎక్స్‌ఛేంజ్‌లో వెళ్లినవాడు అటునుంచటే అక్కడి కాలేజీలో చేరిపోవచ్చా? (తణుకు)

జవాబు: ఆ ఉద్దేశంతో పంపకండి. ప్రోగ్రామ్ అయ్యాక రావాలని సంతకం పెట్టే వెళ్తారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లినవాళ్లయితే కొన్ని రకాల వీసాలకి ముందు రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. ఇంటర్ అయ్యాక అందరిలాగే స్టూడెంట్ వీసాకి అప్లై చేసుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డం రారు.

ప్రశ్న: మా వారి రోటరీ క్లబ్బువాళ్లు జర్మనీ అమ్మాయిని నాలుగు నెలలు మా ఇంట్లో పెట్టుకోమంటున్నారు. పదిహేడేళ్లు. మా అత్తగారికి మడీ ఆచారం ఎక్కువ. సరేననాలా? (ఒక గృహిణి, పాలకొల్లు)

జవాబు: అత్తగారు మనస్ఫూర్తిగా సరేనంటేనే సరేననండి. అమ్మాయి వచ్చాక ఇంట్లో గొణుగుడు మొదలైతే భాష రాకపోయినా దానికి అర్థమైపోతుంది. పూజగదిలోకి ఎప్పుడు రావచ్చు, ఎప్పుడు రాకూడదు, వంటింట్లో ఏది ముట్టుకోవచ్చు అన్నవి మొదటిరోజే సూటిగా చెప్పేయండి. నెలసరి సంగతి కూడా. తప్పు చేశాక చెబితే అవమానంగా తీసుకుంటుంది, ముందే చెబితే ఈ ఇంటి పద్ధతి అనుకుంటుంది.

విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలియజెయ్యాలి, ఆ పని క్లబ్బువాళ్ల చేత దగ్గరుండి చేయించండి. కాలవలో ఈతకి దిగుతానంటే మాత్రం ఒప్పుకోకండి, ఒడ్డున చూడ్డానికి నెమ్మదిగా కనబడ్డా లోపల లాగుడుంటుంది, ఆ నీళ్లూ ఇప్పుడు మంచివి కావు. గదికి లోపల గడియ ఉండాలి. ఇంకో మాట, మొదటి పదిరోజులు బంధువుల్ని ఆపండి. తెల్లపిల్ల వచ్చిందని వీధివీధంతా సెల్ఫీలకి వస్తే ఆ పిల్ల గదిలోంచి బయటికి రావడం మానేస్తుంది. ఫొటో ఎక్కడైనా పెట్టాలంటే ముందు ఆ పిల్లని అడగమని మీ పిల్లలకి గట్టిగా చెప్పండి.